మెంతె అనగా మతి

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయములో నారదుడు సనత్కుమారుని సమీపించి తాను అభ్యసించిన విద్యల పట్టికను విన్నవించును. నాలుగు వేదములు, ఇతిహాస పురాణములు, వ్యాకరణము, గణితము, తర్కము, నక్షత్రవిద్య, సర్పవిద్య, ఇట్లు ఆ పట్టిక సాగుచునే ఉండును. ఇన్ని నేర్చినవాడు చివరకు చెప్పుకొన్నది తాను శోకములో ఉన్నాననియే. మంత్రములు తెలిసినవి గాని ఆత్మ తెలియలేదు. నీవు చదివినదంతయు నామమాత్రమే అని గురువు సమాధానము. ప్రవచనకర్తలు పలువురు ఇచటనే ఆగి, పదజ్ఞానమును తేలికచేసి మాట్లాడి ముందుకు సాగుదురు. సనత్కుమారుడు మాత్రము అచట ఆగలేదు. నామమును ఉపాసింపుమని చెప్పి, నామముకంటె వాక్కు అధికమని, వాక్కుకంటె మనస్సు, మనస్సుకంటె సంకల్పము, సంకల్పముకంటె చిత్తము అధికమని ఒక్కొక్క మెట్టే ఎక్కించెను. నామము మెట్లలో మొదటిది. క్రింది మెట్టు కూడ మెట్టే.

ఈ సంగతిని గుర్తుంచుకొని నేటి ఒక చిన్న విషయమును పరిశీలింపవచ్చును. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఒక విద్యార్థి చేతిలోని ఫోనులో స్పానిష్ పాఠము తెరచుకొని కూర్చున్నాడనుకొందురు గాక. ఉద్యోగమునకు పనికివచ్చునని కావచ్చు, అమెరికాకు చదువుకొనుటకు పోదలచుట కావచ్చు, లేక ఊరక కుతూహలమే కావచ్చు. రంగులు, కూరగాయలు, బంధువుల పేర్లు ముగిసిన తరువాత మనస్సునకును మనోవ్యాపారములకును సంబంధించిన మాటల పాఠము వచ్చును: ఆలోచించుట, తెలియుట, మరచుట, జ్ఞప్తికి తెచ్చుకొనుట, భయపడుట, ఆశించుట. ఇరువది ముప్పది మాటలు. వాటిని కంఠస్థము చేసి, పరీక్ష నెగ్గి, తరువాతి పాఠమునకు పోవుట వాడుక. ఈ ఒక్క పాఠమువద్ద మాత్రము త్వరపడరాదు. తన లోపల జరుగుచున్నదానికి మరియొక భాషలో పేరు వెదకువాడు, తెలిసియో తెలియకయో, ద్రష్టను దృశ్యమునుండి వేరుచేయు పనికి పూనుకొన్నవాడు. ఆ పని సగములో ఆగిపోవుటయు, సాధనగా మారుటయు అతడు ఏ మాటకు ఏ మాటను ఎదురుగా వ్రాసుకొనుచున్నాడో దానిపై ఆధారపడి ఉన్నది.

స్పానిష్ ఈ ప్రాంతమునకు బొత్తిగా అపరిచితము కాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామమున పెరిగి, మంథని నుండి 1957 మొదలు 1977 వరకు శాసనసభ్యుడుగా ఉండి, తరువాత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావునకు వచ్చిన అనేక భాషలలో స్పానిష్ ఒకటి. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలను సహస్రఫణ్ పేర హిందీలోనికి తెచ్చినవాడు ఆయనయే. ఒక భాషలోని అంతరంగమును మరియొక భాషలోనికి మోసికొనిపోవుట ఎంత బరువైన పనియో అట్టివారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

పాఠములో మొదటి మాట మెంతె. దీనికి నిఘంటువు ఇచ్చు అర్థము మనస్సు. ఈ మాట లాటిన్ భాషలోని మెన్స్ శబ్దమునుండి పుట్టినది. ఆ శబ్దమును సంస్కృతములోని మతి శబ్దమును ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మనన మను అర్థముగల మన్ ధాతువునకు ఇవి దూరపు బంధువులు. కావున మెంతె అనగా మనస్సు అని వ్రాసుకొనుటకంటె మతి అని వ్రాసుకొనుట సరి. అట్లు వ్రాసుకొనిన జగిత్యాల విద్యార్థికి ఆ మాట పరాయిది కాదు. వాని ఇంట నాయనమ్మ ఏదైన జ్ఞప్తికి రానపుడు "మతికి వస్తలేదు" అనును. స్పానిష్‌లో మరియొక చిత్రమున్నది. క్రియావిశేషణములు చేయుటకు విశేషణము చివర ఈ మెంతె శబ్దమునే చేర్చుదురు. లెంతామెంతె అనగా మెల్లగా. లాటిన్ నాడు దాని అర్థము మెల్లనైన మనస్సుతో అని. స్పానిష్ మాట్లాడువారు ఆ సంగతిని మరచి శతాబ్దములు గడచినవి గాని, ప్రతి పనికిని దానిని చేసిన మనస్సును తోకవలె తగిలించుటను వారి వ్యాకరణము మాత్రము మరువలేదు.

ఇక చిక్కు ఇచటినుండి మొదలగును. మెంతె ఒక్కటే మాట. వేదాంతములో అంతఃకరణము నాలుగు విధములు. సంకల్ప వికల్పములు చేయునది మనస్సు, నిశ్చయించునది బుద్ధి, అభిమానించునది అహంకారము, అనుసంధానము చేయునది చిత్తము. వివేకచూడామణి ఈ విభాగమును చెప్పును. సదానందుని వేదాంతసారము చిత్తాహంకారములను మనోబుద్ధులలోనే అంతర్భవింపజేసి రెండుగా లెక్కించును. సాంఖ్యులకు మూడు. పతంజలికి చిత్తమన్న ఒక్క పేరే చాలును గాని, దాని వృత్తులు ఐదు. సంఖ్యలో భేదమున్నను అందరు చేసిన పని ఒకటే: లోపలి గందరగోళమును విడదీసి, ఏ పని ఎవరిదో గుర్తించుట. యోగసూత్రములను పాశ్చాత్య భాషలలోనికి తెచ్చువారు తరచుగా చిత్తమునకును మనస్సునకును ఒకే మాట వాడుదురు. ఆ పుస్తకమును చదివి సాధనకు పూనుకొనువాడు దేనిని నిరోధింపవలెనో తెలియక అన్నిటితోను పోరాడును.

ఐనను స్పానిష్ భాష ఈ విషయమున దరిద్రమని అనుట అన్యాయము. ఆ భాషలో అంతర్ముఖులైన సాధకులు చేసిన విభాగమొకటి ఉన్నది. మెమోరియ, ఎంతెందిమియెంతో, బొలుంతాద్, అనగా స్మృతి, గ్రహణశక్తి, ఇచ్ఛాశక్తి, ఈ మూడును జీవుని శక్తులని క్రైస్తవ సంప్రదాయములో అగస్టీనుని కాలమునుండియు వచ్చిన లెక్క. ఆవిలా నగరమునకు చెందిన సన్యాసిని తెరెసా (1515–1582) 1577లో తన అంతర్దుర్గ గ్రంథమును ఈ మాటలతోనే వ్రాసినది. జీవుని ఏడు ప్రాకారములుగల కోటగా ఊహించిన గ్రంథమది. దానిలో నాలుగవ ప్రాకారమును వర్ణించుచు ఆమె చెప్పుకొనిన అనుభవము ఈ వ్యాసమునకంతకు ప్రాణమువంటిది.

ఆమెను చాలకాలము ఒక బాధ వేధించినది. ప్రార్థనలో జీవుడు భగవంతునియందు లగ్నమై ఉన్నపుడును లోపల ఆలోచనల సందడి ఆగెడిది కాదు. అది తన భక్తిలోని లోపమని ఆమె కుమిలిపోయినది. అటుతరువాత, గ్రంథము వ్రాయుటకు నాలుగేండ్లకు కొంచెము ముందు, ఒక సంగతి అనుభవమున తెలిసివచ్చినది. పెన్సామియెంతో వేరు, ఎంతెందిమియెంతో వేరు. పరుగులెత్తునది ఒకటి, గ్రహించునది మరియొకటి. ఒక పండితుని అడుగగా ఆయనయు అదియే నిజమనెను. ఆ మాట తనకు కొద్దిపాటి సంతోషమును ఇయ్యలేదని ఆమె వ్రాసినది. ఆ పుటలు వ్రాయుచున్న సమయముననే ఆమె తలలో మహానదులు పడుచున్నట్లు, పక్షుల గుంపు కూయుచున్నట్లు ఘోష ఉండెనట. ఉండనిమ్ము, అది ప్రార్థనకు అడ్డము కాదు. తిరగలి గుంజ టకటకలాడుచునే ఉండును, పిండి విసరుకొనువాడు విసరుకొనవచ్చును అని ఆమె భావము.

ఈ వృత్తాంతమును వేదాంతి చదివినచో ఏమి చూచును? మనస్సు వేరు, బుద్ధి వేరు అను రెండు మాటలు తొలినుండి చేతిలో ఉన్నచో ఆ తల్లికి అన్నేండ్ల ఖేదము తప్పియుండెడిది. కఠోపనిషత్తు రథరూపకములో బుద్ధి సారథి, మనస్సు కళ్ళెము. కళ్ళెము కదలుట సారథి తప్పిపోవుట కాదు. మన సంప్రదాయములో బాలురకు ఉపనయనము నాటినుండి వినవచ్చు విభాగమును ఆమె స్వానుభవముతో కనుగొనవలసివచ్చినది. ఇది ఆమె గొప్పతనమును తగ్గించదు, పెంచును. ఆ విభాగమును వినికూడ పట్టించుకొనని వారి సంగతి మాత్రము వేరుగా ఆలోచింపదగినది.

మరియొక భేదమును కూడ గమనింపవలెను. తెరెసా చెప్పిన మూడింటిలో అహంకారము లేదు. అనగా స్పానిష్ సాధకులు గర్వమును ఎరుగరని కాదు. దానిని పాపముగా లెక్కించిరి. వేదాంతములో అహంకారము దోషముకంటె ముందు ఒక కరణము. నేను అను తలపు కూడ లోపల పుట్టి, కనబడి, అణగునట్టి ఒక వృత్తి. నిద్రలో లేదు, మెలకువలో లేచును. ఫోనులో అహంకారమునకు స్పానిష్ మాట వెదకువానికి ఎగో అనియో, ఒర్గుయో అనియో సమాధానము వచ్చును. రెండవది గర్వమే. ఇచట నిఘంటువును మూసివైచి గురువువద్దకు పోవలసినదే.

వ్యాకరణములో మాత్రము స్పానిష్ ఒక కానుకను దాచియుంచినది. ఉండుట అను అర్థమున దానికి రెండు క్రియలు కలవు: సేర్, ఎస్తార్. మొదటిదాని రూపములలో పలుమార్లు కనబడు మూలము సంస్కృతములోని అస్ ధాతువునకు బంధువు. అస్తి, అస్మి, సత్ అన్నవి ఆ కుటుంబమువే. రెండవది స్థా ధాతువునకు బంధువు. స్థితి, అవస్థ ఆ కుటుంబమువి. నేను మనిషిని అనుటకు మొదటిది. నేను దుఃఖముగా ఉన్నాననుటకు రెండవది, ఎస్తోయ్ త్రిస్తె. అనగా దుఃఖములో నిలిచియున్నాను. దుఃఖము నా అవస్థ, నా స్వరూపము కాదు. సుఖిని అనుటకు పలుమార్లు మొదటి క్రియనే వాడుదురు, సోయ్ ఫెలిస్ అని. సందర్భమునుబట్టి రెండవదియు వాడుదురు గనుక దీనిపై ఆనందమయ సిద్ధాంతమును నిర్మింప పూనుకొనరాదు. ఇంతకంటె చిత్రమేమనగా చనిపోయినాడు అనుటకును వారు ఎస్తార్ వాడుదురు. కౌమార యౌవన జరలవలె మరణమును ఒక అవస్థగా చూపిన గీతాచార్యుని మాట తెలిసినవారికి ఆ వాడుక కొంతసేపు ముచ్చట గొలుపును. స్పానిష్ వ్యాకరణవేత్తలెవరును వేదాంతము చదివి ఈ నియమము చేయలేదు. ఐనను సాధకుడు దానిని చక్కగా వాడుకొనవచ్చును. కోపము వచ్చినపుడు ఇది సేరా, ఎస్తారా అని ఒక్కసారి అడిగికొనినవానికి, ఆ ప్రశ్న అడిగినంతసేపైనను కోపముతో తాదాత్మ్యము సడలును.

ఐతే దీనికొరకు స్పెయిన్ వరకు పోవలసినదేనా? పోనక్కరలేదు. తెలుగు వాక్యము ఇంతకంటె స్పష్టముగా చెప్పుచున్నది. నాకు కోపము వచ్చినది, నాకు భయమైనది, నాకు నిద్ర వచ్చుచున్నది. కోపము ఎచటినుండియో వచ్చినది. వచ్చినది గనుక పోవును. వచ్చిపోవుదానిని చూచువాడు నాకు అను విభక్తిరూపములో కదలక కూర్చున్నాడు. స్పానిష్‌లో కూడ మరపు విషయమున ఇట్టి వాక్యమొకటి ఉన్నది: సె మె ఒల్బిదో, అనగా అది నాకు మరపైనది. పాఠములో ఆ వాక్యము కష్టమని, విడ్డూరమని విద్యార్థులు తల పట్టుకొందురు. తెలుగువాడు కష్టపడనక్కరలేదు. వాడు చిన్ననాటినుండి అట్లే మాట్లాడుచున్నాడు. అట్లు మాట్లాడుచున్నానని గమనింపలేదు, అంతే. పరభాష నేర్చుటలోని గొప్ప ప్రయోజనము ఇదియే: స్వభాష అపుడు మొదటిసారి వినబడును.

వినబడిన పిదప ఈ మూడు ఊళ్ళలో ఎట్టి మాటలు ఉన్నవో చూడుడు. జ్ఞాపకమునకు యాది. యాది పారసీకమునుండి వచ్చి ఇంటి మాటయైనది. స్పృహకు, వివేకమునకు సోయి, "సోయి తప్పింది" అన్న మూర్ఛ, "సోయి లేదా?" అన్న మందలింపు. తెలియుటకు ఎరుక, "నాకెరుకలేదు" అని కూలివాడును అనును, అచల సంప్రదాయములోని గురువు అదే మాటతో జగత్తు పుట్టుకను చర్చించును. ఒక్క శబ్దము చేనిగట్టున, గురుపీఠమున రెండుచోట్లను నిలుచుట అన్ని భాషలలో జరుగునది కాదు. లోపల ఆధారము లేని భయమునకు బుగులు. శరీరమునకును మనస్సునకును కలిపి పానం. "పానం మంచిగ లేదు" అన్నపుడు జ్వరమా, దిగులా అని అడిగి తెలిసికొనవలసినదే. అన్నిటికంటె లోతైనది రంది. చింత, దుఃఖము, అలమట, పైకి చెప్పుకొనలేని భారము, ఇవన్నియు కలిసినది రంది. దానితో వచ్చు క్రియ మిక్కిలి విలువైనది: "రంది పెట్టుకోకు బిడ్డా." పెట్టుకొనునది తీసివేయదగినది. అధ్యాసమనగానేమో భాష్యము చదువని తల్లికి ఆ క్రియ తెలియును.

ఈ మాటలు ఇపుడు పలుచబడుచున్నవి. వాటి స్థానమున టెన్షన్ వచ్చి కూర్చున్నది. పరీక్ష ఉన్నను టెన్షన్, అప్పు ఉన్నను టెన్షన్, బిడ్డ పెండ్లికి టెన్షన్, భర్త ఫోను చేయకున్నను టెన్షన్. నాలుగు వేర్వేరు వృత్తులకు ఒక్క మాట. ఆంగ్లము మీద కోపము చూపుటవలన ఫలము లేదు. కాని పేరులేని వృత్తిని పట్టుకొనుట చీకటిలో పామును పట్టుకొనుటవంటిది.

సిరిసిల్లలో ఈ విషయము పండితచర్చ కాదు. సాంచెల చప్పుడు వీథివీథిన వినబడు ఊరది. గత శతాబ్ది చివరి ఏండ్లనుండి అచటి నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు తెలుగువారందరిని కలచివేసినవి. పని ఆగిపోవుట, నూలు ధరలు, అప్పులు, వలసపోయి తిరిగివచ్చుట, ఇవి కారణములు. 2017 నుండి బతుకమ్మ చీరల నేత పని రాగా కొంత ఊరట కలిగినది. పని ఉన్ననాడు ఒకటి, లేనినాడు మరియొకటిగా ఆ ఊరి ఊపిరి నడచుచున్నది. పని ఇయ్యవలసినచోట పదములు ఇచ్చి సరిపెట్టుట అధర్మము. ఆకలికి పర్యాయపదము అన్నము కాదు. కాని ఆ కారణములకును ఆ చివరి క్షణమునకును నడుమ ఒక మనస్సు ఉన్నది. అది రాత్రులు మేలుకొని ఉన్నది, ఇంటివారితో మాట్లాడుట తగ్గించినది, పిల్లల ముఖము చూడలేకపోయినది. అడిగినవారికి "ఏం లేదు" అని చెప్పినది. ఆ ఏం లేదు అన్న మాట వెనుక ఉన్నది రంది అని ఒక్కరు పేరు పెట్టి పిలిచియుండినచో కొందరు తమ భారమును దింపుకొనుటకు ఒక చోటు దొరికెడిది. భగవద్గీత మొదటి అధ్యాయము పేరు అర్జునవిషాదయోగము. అర్జునుడు తన స్థితిని ఒక్కమాటలో ముగింపలేదు. అవయవములు పట్టు తప్పుచున్నవని, నోరెండుచున్నదని, ఒడలు వణకుచున్నదని, విల్లు జారుచున్నదని, మనస్సు తిరుగుచున్నదని ఒక్కొక్కటిగా చెప్పెను. కృష్ణుడు అంతయు వినెను. విన్న పిదపనే ఉపదేశము మొదలైనది. చెప్పుకొనుట కూడ యోగములో భాగమే గనుక ఆ అధ్యాయమునకు యోగమని పేరు వచ్చినది.

గల్ఫ్‌కు పోయిన కోరుట్ల, జగిత్యాల యువకుల సంగతియు దీనికి దగ్గరిదే. వారు అచట అరబ్బీ నేర్చుకొందురు. ఎత్తు, దించు, రా, పో, జీతము, సెలవు, ఇవి ముందుగా వచ్చు మాటలు. పని చేయించుకొనువానికి కావలసిన మాటలు అవియే. రందికి అరబ్బీలో ఏమందురో ఎవరును నేర్పరు. పనిచేయు చేతులకు భాష దొరకినది, మనస్సు మూగగా మిగిలినది. అందుచేతనే పాఠములో మనోవృత్తుల అధ్యాయమును అనవసరమని దాటవేయువారు మరల ఆలోచింపవలెను.

ఇచట స్వంత ఇంటి దోషమును కూడ చెప్పవలసియున్నది. కొండగట్టు అంజన్న సన్నిధికి మతి చలించినవారిని తీసికొనివచ్చి మండలకాలము ఉంచి సేవ చేయించుట చిరకాలపు విశ్వాసము. ఆ కొండమీద అట్టివారిని ఎవరును వెలివేసినట్లు చూడరు. స్వామి పిల్లలుగానే చూతురు. ఆ దయ చాల గొప్పది. కాని కొండ దిగిన తరువాత ఊరిలో వారికి మిగులు పేరు ఒక్కటే, పిచ్చి. నిద్ర పట్టనివానికి, ప్రసవానంతరము ఏడ్చుచున్న బాలింతకు, లేని గొంతులు వినువానికి, అందరికి ఆ ఒక్క పేరే. ఆ పేరు పడునన్న భయముచేతనే వైద్యునివద్దకు పోవలసినవారు పోరు. నాలుగు అంతఃకరణములను లెక్కించిన సంప్రదాయమునకు వారసులైనవారు వ్యాధులన్నిటిని ఒక్క తిట్టుమాటలో కుదించుట సిగ్గుచేటు. అంజన్న సేవయు, వైద్యుని మందును పరస్పరము విరోధించునవి కావు. లక్ష్మణుని మూర్ఛకు హనుమ తెచ్చినది ఓషధియే కదా. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన దూరవాణి సేవకు టెలీమానస్ అని పేరు. 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చును. మానస్ అను పేరు తగినదే. అచట మాట్లాడునపుడు టెన్షన్ అని ఆగిపోక, రంది అని, బుగులు అని, సోయి నిలుస్తలేదని ఇంటి మాటలతోనే చెప్పినచో వినువానికి కూడ త్రోవ దొరకును.

కొందరు భక్తులు అడుగుదురు: గీర్వాణము ఉండగా మ్లేచ్ఛభాషలోని మాటలు ముముక్షువునకు ఎందుకు? ప్రశ్న న్యాయమైనదే గాని ఏకపక్షము. ఐతరేయోపనిషత్తు సంజ్ఞానము, ఆజ్ఞానము, మేధ, ధృతి, మతి, మనీష, స్మృతి, సంకల్పము మొదలుగా మనోవృత్తుల పేర్లను వరుసగా లెక్కించి, ఇవన్నియు ప్రజ్ఞానమునకే నామధేయములని ముగించినది. ప్రజ్ఞానమునకు సంస్కృతములో మాత్రమే పేర్లుండవలెనని అది నియమింపలేదు. కాశీలో చదివి సంస్కృతమునకు స్పానిష్ నిఘంటువు నిర్మించిన ఓస్కార్ పుజోల్ వంటివారు ఆ దిక్కునుండి ఈ దిక్కునకు నడచివచ్చిరి. ఈ దిక్కువారు ఆ దిక్కునకు నాలుగడుగులు వేయుటలో దోషము లేదు. తన మాటలు మరచి పరుల మాటలు మోయుట మాత్రము దోషము. కావున ఆ విద్యార్థి తన పుస్తకములో రెండు గడులు కాక మూడు గడులు గీసికొనవలెను: స్పానిష్ మాట ఒకటి, శాస్త్రపు మాట ఒకటి, నాయనమ్మ మాట ఒకటి. సాబేర్ ఎదుట జ్ఞానము, ఎరుక. ఆ సాబేర్‌కు లాటిన్‌లో మూలార్థము రుచిచూచుట అని కూడ క్రింద వ్రాసుకొనిన మంచిది, ఉపనిషత్తు పరతత్త్వమును రసమన్నది గనుక. స్వెన్యో ఎదుట జాగ్రత్త. ఆ ఒక్కమాటకు నిద్ర అనియు, కల అనియు రెండర్థములు కలవు. మాండూక్యము చదివినవాడు దానిని స్వప్న సుషుప్తులుగా విడదీయక వదలడు. కొన్సియెన్సియ అను మాట చైతన్యమునకును, మంచిచెడ్డలను చెప్పు లోగొంతునకును ఒక్కటే. తెలుగున రెండవదానికి మనస్సాక్షి అను పేరున్నది; సాక్షి అను మాటను ఇంత తేలికగా నోట పలుకుచు దాని బరువు తెలియకుండుట ఆశ్చర్యము.

రెకోర్దార్ అను మాటవద్ద కొంచెము ఎక్కువసేపు ఆగవలెను. జ్ఞప్తికి తెచ్చుకొనుట అని దాని అర్థము. దాని గర్భములో ఉన్నది లాటిన్ భాషలోని హృదయవాచకము; ఆ వాచకమును సంస్కృతములోని హృత్ శబ్దమును ఒకే కుటుంబమువి. మరల హృదయము గుండా పోనిచ్చుట, అదియే స్మరణము. జగిత్యాలకు చేరువనే గోదావరి ఒడ్డున ధర్మపురి ఉన్నది. అచటి శేషప్ప కవి నరసింహ శతకములో ఒక పద్యము తెలుగునాట పిల్లలకు కూడ వచ్చును. బ్రతికినన్నాళ్ళు భజన చేయగలను; కాని మరణసమయమున యమదూతలు వచ్చి, కఫవాతపిత్తములు క్రమ్మి, భ్రమ పుట్టినపుడు స్వామిని పిలువగలనో, మరతునో, అందుచేత ఇప్పుడే పిలుచుచున్నాను అని దాని భావము. స్మృతి చిత్తవృత్తి, వృత్తి శరీరముతోపాటు సడలును, కనుక సడలకముందే హృదయములోనికి దించుకొనవలెనని ఆ కవి తొందర. మెమోరియ అను మాటలో ఆ తొందర లేదు, రెకోర్దార్‌లో ఉన్నది. శేషప్పకు లాటిన్ రాదు.

చివరకు ఎస్పెరార్ మిగిలినది. ఎదురుచూచుట, ఆశించుట, రెండింటికిని స్పానిష్‌లో ఇదొక్కటే క్రియ. సనత్కుమారుని మెట్లలో స్మృతికి పైన ఆశ, ఆశకు పైన ప్రాణము. గల్ఫ్‌లోని కొడుకు కొరకు కోరుట్ల ఇంటిలో ఎదురుచూచు తల్లికి ఆశయు ఎదురుచూపును వేరుకావు గనుక, ఆమెవద్ద ఆ స్పానిష్ మాట సరిగ్గా అతుకును. ఫోనులో కొడుకు ముఖము కనబడినపుడు ఆమె ఆశ అన్న మాట కూడ వాడదు. "నా పానమంత నీ మీదనే ఉన్నది" అనును. ఈ వాక్యమును ఆ విద్యార్థి స్పానిష్ లోనికి మార్చబూనినచో ఆల్మా అనవలెనా, కొరసోన్ అనవలెనా, బిదా అనవలెనా అని తడబడును: జీవుడా, గుండెయా, బ్రతుకా. ఒక్కటియు చాలదు. ఆ గడిని ప్రస్తుతమునకు ఖాళీగా విడిచి తరువాతి మాటకు పోవచ్చును.